వేలిముద్రకు ఎవరు కాపలా?

2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా నార్పల మండలంలోని బండ్లపల్లిలో అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్, సోనియా గాంధీ కలిసి జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకాన్ని ప్రారంభించారు. దేశంలో లక్షల పల్లెలుండగా ఆ పథకానికి తొలి వేదిక ఈ జిల్లాలో దొరకడానికి కారణం కరువు. ఇక్కడ ఏడాదికి సగటున కురిసే వాన 550 మిల్లీమీటర్లు. నైరుతి రుతుపవనం పడమటి కనుమలు దాటి వచ్చేసరికే చాలావరకు వట్టిపోతుంది. ఈశాన్య రుతుపవనం తీరం నుంచి ఇంత దూరం వచ్చేలోపే బలహీనపడుతుంది. ఎర్రనేలలో శెనక్కాయ వేసిన రైతు ఆకాశం వైపు చూస్తూ కూర్చుంటాడు. వాన రాకపోతే పొలంలో పని ఉండదు, కూలి ఉండదు. ఉంటే ఊళ్లో ఉపాధి పని, లేకపోతే బెంగళూరు బస్సు.

అలాంటి చోట వారం కూలి డబ్బు చేతికందడం, నెల మొదట్లో పింఛను రావడం, రేషన్ స్టోరులో బియ్యం దొరకడం ఇంటి పొయ్యికి సంబంధించిన విషయాలు. ఆ డబ్బు దిల్లీ నుంచీ అమరావతి నుంచీ బ్యాంకుల మీదుగా వందల కిలోమీటర్లు ప్రయాణించి, ఆఖరున అరచేతిలో ఇమిడే ఒక యంత్రం దగ్గర ఆగుతుంది. కూలీ వేలు పెడుతుంది. యంత్రం ఒప్పుకుంటే డబ్బు, లేకపోతే లేదు. ఆ యంత్రాన్ని మనం ఎందుకు నమ్మాలి? ఎంతవరకు నమ్మాలి? ఈ అధ్యాయంలో వెతికేది ఆ జవాబే.

కొసన ఉన్న యంత్రం

కంప్యూటర్ల లోకంలో వ్యవస్థకు ఆఖరు కొసన, మనిషి చేతికి తగిలే చోట ఉండే పరికరాన్ని ఎండ్‌పాయింట్ అంటారు. రేషన్ డీలరు దగ్గరి ఈ-పోస్ మిషన్, బ్యాంకు మిత్ర చేతిలోని మైక్రో ఏటీఎం, గ్రామ సచివాలయంలోని కంప్యూటరు, మన జేబులోని ఫోను అన్నీ ఎండ్‌పాయింట్లే.

సమాచారం మొత్తం దాచే డేటా సెంటర్‌కు గోడలుంటాయి, కాపలాదారులుంటారు, లోపలికి వెళ్లేవారి పేర్లు రాసుకుంటారు. కొసన ఉన్న యంత్రానికి అవేవీ ఉండవు. అది దుమ్ములో, నలభై డిగ్రీల ఎండలో, సిగ్నల్ వచ్చీ రాని చోట పనిచేస్తుంది. పదిమంది చేతులు మారుతుంది. రాత్రి ఎవరింట్లోనో ఉంటుంది, చెడిపోతే మండల కేంద్రంలోని ఎవరి బల్ల మీదకో చేరుతుంది. దాన్ని మోసగించాలనుకున్నవాడికి ఏకాంతమూ దొరుకుతుంది, కావలసినంత సమయమూ దొరుకుతుంది.

పాస్‌వర్డు పెట్టాం, యాంటీవైరస్ వేశాం అంటే ఇక్కడ చాలదు. అవన్నీ సాఫ్ట్‌వేర్. యంత్రం చేతిలో ఉన్నవాడు ఆ సాఫ్ట్‌వేర్‌నే మార్చేయగలడు. ఆపరేటింగ్ సిస్టమ్‌లోకి చొరబడ్డ దొంగ ప్రోగ్రాము, కాపలా కాసే ప్రోగ్రాముకే అబద్ధం చెప్పగలదు. అందుకే నమ్మకాన్ని సాఫ్ట్‌వేర్ కంటే కింద, మార్చడానికి వీలుకాని చోట, సిలికాన్ ముక్కలోనే పాతుకోవాలని ఇంజనీర్లు నిర్ణయానికి వచ్చారు. దీన్నే హార్డ్‌వేర్ ఆధారిత భద్రత అంటున్నాం.

చిప్పు కార్డు రోజులు

ఈ ఆలోచన అనంతపురం పల్లెల్లోకి ఆధార్ కంటే ముందే వచ్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2006లో స్మార్ట్‌కార్డు పథకం మొదలుపెట్టింది. ఉపాధి కూలీలకూ పింఛనుదారులకూ ఫొటో ఉన్న కార్డు ఇచ్చారు. ఆ కార్డుల్లో చాలావాటికి ఎలక్ట్రానిక్ చిప్పు ఉండేది. మనిషి వివరాలు, వేలిముద్రలు, ఖాతా వివరాలు అందులోనే ఉండేవి.

డబ్బిచ్చే పద్ధతి ఇలా సాగేది. ఊళ్లోనే ఉండే సేవా ప్రతినిధి కార్డును యంత్రంలో పెడతాడు. పది వేళ్లలో ఏదో ఒక వేలు పెట్టమని యంత్రం అడుగుతుంది. ఏ వేలు అడుగుతుందో ముందుగా ఎవరికీ తెలియదు. పెట్టిన వేలిముద్రను కార్డులో ఉన్న ముద్రతో పోలుస్తుంది. సరిపోతే డబ్బు చేతికొస్తుంది, రసీదు బయటికొస్తుంది. కొన్ని యంత్రాలు లావాదేవీ వివరాలను తెలుగులో పైకి చెప్పేవి కూడా. చదువురాని అవ్వకు ఎంత ఇచ్చారో చెవికి వినిపించడం చిన్న విషయమేమీ కాదు. పోల్చి చూసే పని ఆ గదిలోనే, కార్డుకూ యంత్రానికీ మధ్యనే పూర్తయ్యేది.

చిప్పు కార్డుకు వెనకనున్న చరిత్ర యాభై ఏళ్లది. ఫ్రాన్స్‌కు చెందిన రోలాన్ మొరెనో 1974లో దీనిపై పేటెంటు తీసుకున్నాడు. పాత అయస్కాంత పట్టీ కార్డును ఒకసారి గీస్తే అందులో ఉన్నదంతా బయటపడుతుంది, దాన్ని మరో కార్డు మీదకు ఎక్కించవచ్చు. ఆధునిక చిప్పులో ఉన్నది అలా బయటపడదు. దాని లోపల చిన్న ప్రాసెసర్ ఉంటుంది, ఒక రహస్య కీ ఉంటుంది. యంత్రం ఒక యాదృచ్ఛిక సంఖ్యను పంపిస్తుంది. చిప్పు తన కీతో లెక్క కట్టి జవాబిస్తుంది. జవాబు బయటికొస్తుంది గానీ కీ మాత్రం ఎన్నడూ రాదు. ఈసారి జవాబును ఎవరైనా దొంగిలించినా, వచ్చేసారి ప్రశ్న వేరుగా ఉంటుంది కాబట్టి అది పనికిరాదు. ఫోనులో సిమ్, ఏటీఎం కార్డు మీద బంగారు రంగు చదరం పనిచేసేది ఈ సూత్రం మీదనే.

ఆంధ్రప్రదేశ్ స్మార్ట్‌కార్డు పథకాన్ని కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్తాంకర్ అనే ఆర్థికవేత్తలు ఎనిమిది జిల్లాల్లో పరిశీలించారు. వాటిలో అనంతపురం ఒకటి. ఏ మండలంలో పథకం ముందు రావాలో, ఎక్కడ ఆలస్యంగా రావాలో లాటరీ పద్ధతిన నిర్ణయించి, 157 మండలాల్లో, దాదాపు కోటీ 90 లక్షల జనాభా ఉన్న ప్రాంతంలో ఫలితాలు పోల్చారు. 2016లో అచ్చయిన ఆ అధ్యయనం ప్రకారం, పథకం ముందు వచ్చిన మండలాల్లో ఒక్కో చెల్లింపు తీసుకోవడానికి కూలీలకు పట్టే సమయం 22 నిమిషాలు తగ్గింది. ఉపాధి కూలి మధ్యలో గల్లంతవడం సుమారు 40 శాతం తగ్గింది. కార్డు వాడినవారిలో పదింట తొమ్మిది మందికి పైగా పాత పద్ధతి కంటే ఇదే నయమన్నారు. రెండేళ్లు గడిచినా ఆ మండలాల్లో సగం చెల్లింపులే కార్డు మీదకు మారాయి. అయినా ఈ మేలు జరిగింది. కార్డు లేనివాళ్లను వట్టి చేతులతో పంపేయలేదన్నది ఈ కథలో అన్నిటికంటే ముఖ్యమైన అంశం. దాని సంగతి చివర్లో మళ్లీ చూద్దాం.

గాజు మీద వేలు

తర్వాతి ఏళ్లలో చిప్పు కార్డు స్థానాన్ని ఆధార్ ఆక్రమించింది. కార్డు అవసరం లేదు, వేలు చాలన్నారు. 2015 నుంచి ఆంధ్రప్రదేశ్ రేషన్ షాపుల్లోకి ఈ-పోస్ మిషన్లు వచ్చాయి. పోల్చే పని ఊళ్లోని గదిలోంచి దూరాన ఉన్న ఆధార్ సర్వర్లకు మారింది. వేలిముద్ర ఇప్పుడు నెట్‌వర్క్ మీద ప్రయాణం చెయ్యాలి. అందువల్ల ప్రయాణం మొదలయ్యే చోటు, అంటే గాజు మీద వేలు ఆనే చోటు, అన్నిటికంటే కీలకమైంది.

అక్కడ జరిగేదేమిటో కొంచెం దగ్గరగా చూద్దాం. చాలా యంత్రాల్లో గాజు కింద ఒక పట్టకం ఉంటుంది. కింది నుంచి వెలుగు పడుతుంది. వేలి మీది గట్లు గాజును తాకిన చోట వెలుగు వెనక్కి తిరగకుండా చెదిరిపోతుంది, కాబట్టి అక్కడ నల్లగా కనిపిస్తుంది. గట్ల మధ్య పల్లాలు గాజుకు ఆనవు, అక్కడ వెలుగు పూర్తిగా పరావర్తనం చెంది తెల్లగా కనిపిస్తుంది. అంగుళానికి 500 చుక్కల లెక్కన ఆ బొమ్మను తీసి, గట్టు ఎక్కడ ఆగిపోయింది, ఎక్కడ రెండుగా చీలింది అనే గుర్తులను యంత్రం ఏరుకుంటుంది. ఒక్కో వేలికి అలాంటి గుర్తులు పదుల సంఖ్యలో ఉంటాయి. పోల్చేటప్పుడు సరిచూసేవి వీటినే.

ఇప్పుడు ఆ గాజు మీద అనంతపురం కూలీ వేలిని ఊహించండి. గడ్డపార పట్టి కాలువ తవ్విన వేలు. శెనక్కాయ కట్టె పీకి, కాయలు ఒలిచిన వేలు. సున్నం, సిమెంటు కలిపిన వేలు. గట్లు అరిగిపోయి ఉంటాయి. పొడిగాలికి చర్మం ఎండి, ఉన్న గట్లు కూడా గాజుకు సరిగా ఆనవు. బొమ్మ తునకలు తునకలుగా వస్తుంది. వయసు మీదపడితే ఇంకా కష్టం. "అవ్వా, వేలు పడలేదు, తుడిచి మళ్లీ పెట్టు" అని డీలరు అంటాడు. ఆమె కొంగుకు తుడుచుకుంటుంది, కాస్త తడి చేసుకుంటుంది, మళ్లీ పెడుతుంది. తప్పు ఆమెది కాదు. ఆ ముద్ర అరిగింది ఆమె చేసిన పనివల్ల.

ఒక్కొక్కరికీ ఏ వేలు బాగా పడుతుందో ముందే గుర్తించి పెట్టుకునే ఏర్పాటు ఆధార్‌లో ఉంది. కనుపాపతోనో, ఫోనుకొచ్చే ఓటీపీతోనో, ముఖంతోనో ధ్రువీకరించే దారులూ ఉన్నాయి. అవి కాగితం మీద ఉంటే సరిపోదు, ఆ స్టోరు గడప దగ్గర ఉండాలి.

దొంగ ముద్రలు

పాస్‌వర్డు పోతే మార్చుకుంటాం. ఏటీఎం కార్డు పోతే బ్యాంకు కొత్తది ఇస్తుంది. వేలిముద్ర పోతే మరొకటి రాదు. ఉన్నవి పదే, జీవితాంతం అవే. పైగా ముట్టుకున్న ప్రతి వస్తువు మీదా దాన్ని వదిలిపెడుతూనే ఉంటాం. వేలిముద్రను రహస్యంగా భావించి వ్యవస్థ కట్టడం ప్రమాదకరమని తెలుగు నేల మీదే రుజువైంది.

2018లో తెలంగాణలోని పెద్దపల్లి జిల్లాలో ఒక సిమ్‌కార్డుల వ్యాపారిని పోలీసులు అరెస్టు చేశారు. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో అందరికీ అందుబాటులో ఉన్న భూమి దస్తావేజులను అతను దించుకున్నాడు. వాటి మీద అమ్మినవారి, కొన్నవారి వేలిముద్రలు, ఆధార్ నంబర్లు రెండూ ఉన్నాయి. రబ్బరు స్టాంపులు తయారుచేసే సామగ్రితో ఆ ముద్రల నకళ్లు చేసి, వేరేవాళ్ల పేరు మీద వేలాది సిమ్‌లు యాక్టివేట్ చేశాడని దర్యాప్తులో తేలింది. ఇందులో గొప్ప హ్యాకింగ్ ఏదీ లేదు. దాచాల్సిన సమాచారాన్ని దస్తావేజు రూపంలో బయట పెట్టడం ఒక తప్పు. రబ్బరు ముద్రకూ బతికున్న వేలికీ తేడా తెలియని యంత్రం రెండో తప్పు. రెండూ కలిస్తే నేరం తేలికైంది.

అంతకుముందే మరో రకం మోసం బయటపడింది. ఒకసారి తీసిన వేలిముద్రను కంప్యూటర్‌లో దాచిపెట్టుకుని, మనిషి లేకుండానే దాన్ని పదేపదే పంపి వందల లావాదేవీలు చేశారని 2017 ఫిబ్రవరిలో ఆధార్ సంస్థ పోలీసులకు ఫిర్యాదు చేసింది. ఇక్కడ రబ్బరు ముద్ర కూడా అవసరం రాలేదు. యంత్రానికీ సర్వర్‌కూ మధ్యలో ఉన్న కంప్యూటర్‌లో ఆ ముద్ర విప్పి ఉన్న రూపంలో దొరకడమే చాలింది.

రహస్యం లోపలే పుట్టాలి

ఈ రెండో మోసానికి జవాబుగా వచ్చినవే రిజిస్టర్డ్ పరికరాలు. 2017 నుంచి ఆధార్ ధ్రువీకరణకు వాడే ప్రతి స్కానర్ తన ప్రత్యేక సంఖ్యతో నమోదై ఉండాలన్నారు. వేలిముద్ర బయటి యాప్‌కు అందక ముందే ఎన్‌క్రిప్ట్ అయిపోవాలి, అంటే కీ లేనివాడు చదవలేని రూపంలోకి మారాలి. తీసిన క్షణం ఏదో దాని మీద రాసి ఉండాలి. ఆ మొత్తం మీద పరికరం తన డిజిటల్ సంతకం చెయ్యాలి. నిన్నటి ముద్రను ఈరోజు పంపితే సమయం సరిపోదు. వేరే యంత్రం నుంచి పంపితే సంతకం సరిపోదు.

ఈ ఎన్‌క్రిప్షన్‌లో ఒక చమత్కారం ఉంది. గుడి హుండీలో కానుక ఎవరైనా వెయ్యవచ్చు, తెరిచేది మాత్రం తాళంచెవులున్న దేవస్థానం వాళ్లే. పబ్లిక్ కీ పద్ధతీ అంతే. ఆధార్ సంస్థ పబ్లిక్ కీ ప్రతి పరికరంలోనూ ఉంటుంది. దానితో లోపల పెట్టడమే కుదురుతుంది, తీయడం కుదరదు. తీసే కీ ఆ సంస్థ దగ్గర ఒక్కచోటే ఉంటుంది. అసలు లెక్క ఇలా నడుస్తుంది: ప్రతి ధ్రువీకరణకూ పరికరం 256 బిట్ల తాత్కాలిక కీ ఒకటి పుట్టించి వేలిముద్రను దానితో కప్పుతుంది. ఆ తాత్కాలిక కీని 2,048 బిట్ల పబ్లిక్ కీతో కప్పి రెండింటినీ పంపుతుంది. దారిలో పట్టుకున్నవాడికి దొరికేది అర్థంలేని అంకెల వరుసే.

అయితే సంతకం చేసే కీ ఎక్కడ ఉంది? భద్రత అంతా ఈ ప్రశ్న మీదే ఆధారపడి ఉంది. రిజిస్టర్డ్ పరికరాల్లో మొదటి రకానికి ఎల్-0 అని పేరు. అందులో సంతకం, ఎన్‌క్రిప్షన్ స్కానర్‌కు తగిలించిన ఫోనులోనో కంప్యూటర్‌లోనో సాఫ్ట్‌వేర్ చేస్తుంది. ఆ ఫోను దొంగ చేతిలో పడితే, ఓపికున్నవాడు సాఫ్ట్‌వేర్‌ను విప్పి కీని వెతకవచ్చు. స్కానర్ నుంచి ఫోనుకు కేబుల్‌లో వచ్చే బొమ్మను మార్చే ప్రయత్నమూ చెయ్యవచ్చు. రెండో రకం ఎల్-1లో ఈ పనులన్నీ స్కానర్ లోపలి చిప్పులోనే, ట్రస్టెడ్ ఎగ్జిక్యూషన్ ఎన్విరాన్‌మెంట్ అనే ప్రత్యేక ప్రాంతంలో జరుగుతాయి. ఫోను ఆపరేటింగ్ సిస్టమ్‌కు ఆ ప్రాంతంలోకి తొంగిచూసే దారి లేదు. కీని బయటికి తెచ్చే ఆదేశం లేదు, బయటి నుంచి ముద్రను లోపలికి దూర్చే మార్గమూ లేదు. బయటికొచ్చేది అప్పటికే కప్పిపెట్టి, సంతకం చేసిన మూట ఒక్కటే. ఆధార్ సంస్థ అందరినీ ఎల్-1 వైపు మళ్లించింది ఇందుకే.

రబ్బరు ముద్రల మోసానికి వేరే మందు కావాలి. ముద్రలోని గుర్తులతో పాటు వేలి బొమ్మను కూడా పరిశీలించి, ఇది బతికున్న వేలేనా అని యంత్ర అభ్యసనంతో తేల్చే పద్ధతిని ఆధార్ సంస్థ 2023 ఫిబ్రవరిలో ప్రకటించింది.

నమ్మకం మొదలయ్యే చోటు

చిప్పులో కీ దాచితే పని పూర్తయినట్టు కాదు. యంత్రం ఆన్ చేసిన క్షణం నుంచి అందులో నడుస్తున్నది అసలు సాఫ్ట్‌వేరేనని ఎవరు చెప్పాలి? దీనికి సెక్యూర్ బూట్ అనే ఏర్పాటు ఉంది. తయారీ సమయంలోనే చిప్పులో చెరపడానికి వీల్లేని ఒక చిన్న ప్రోగ్రామును ముద్రిస్తారు. కరెంటు రాగానే మొదట నడిచేది అదే. అది తర్వాతి ప్రోగ్రాము మీద తయారీదారు సంతకం ఉందో లేదో చూస్తుంది. సరిగా ఉంటేనే దానికి పగ్గాలిస్తుంది. అది ఆ తర్వాతి దాన్ని పరీక్షిస్తుంది. ఇలా అంచెలంచెలుగా ఆపరేటింగ్ సిస్టమ్ వరకు సాగుతుంది. ఏ ఒక్క అంచెలో సంతకం కుదరకపోయినా యంత్రం ముందుకు కదలదు.

పిన్ కొట్టే స్వైపింగ్ మిషన్లలో మరో కాపలా కూడా ఉంటుంది. పెట్టె విప్పితే తెలిసేలా లోపల సూక్ష్మమైన స్విచ్చులు, చిప్పు చుట్టూ సన్నటి తీగల వల ఉంటాయి. కరెంటు లేకపోయినా వీటిని మేల్కొలిపి ఉంచడానికి నాణెమంత బ్యాటరీ ఉంటుంది. ఎవరైనా విప్పబోతే కీలన్నీ క్షణంలో చెరిగిపోతాయి. "మిషన్ టాంపర్ అయింది" అని దుకాణాల వాళ్లు అనేది దీన్నే. యంత్రం మూగబోయింది గానీ ఖాతాదారుల రహస్యాలు బయటపడలేదు. అది చెడిపోవడం కాదు, తన పని తాను చెయ్యడం.

ఇక యంత్రంలో నిల్వ ఉన్న సమాచారం మాటేమిటి? 2019 అక్టోబరు 2న ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ సచివాలయాలు మొదలయ్యాక ధ్రువపత్రాలు, పింఛన్లు, పొలాల వివరాలు చూసే కంప్యూటర్లు, ట్యాబులు పల్లెలకు చేరాయి. అలాంటి ట్యాబు బస్సులో పోయిందనుకోండి. దొరికినవాడు స్క్రీన్ లాక్ తెలియక ఊరుకుంటాడన్న భరోసా లేదు. లోపలి మెమరీని మరో కంప్యూటర్‌కు తగిలించి చదవాలని చూస్తాడు.

హార్డ్‌వేర్ భద్రత అసలు సత్తా తేలేది అక్కడ. నాలుగంకెల పిన్‌కు ఉన్న అవకాశాలు 10,000 మాత్రమే. కంప్యూటర్‌కు అవన్నీ ప్రయత్నించడం క్షణంలో పని. ఆ పిన్ ఒక్కదానితోనే సమాచారాన్ని ఎన్‌క్రిప్ట్ చేస్తే వృథా. అందుకే మంచి ఫోన్లలో పిన్‌ను చిప్పు లోపలి రహస్య కీతో కలిపి ఎన్‌క్రిప్షన్ కీని పుట్టిస్తారు. ఆ రహస్య కీ ఆ చిప్పును వదిలి రాదు కాబట్టి ప్రయత్నాలన్నీ ఆ ఫోను మీదే చెయ్యాలి. తప్పు పిన్ పడేకొద్దీ చిప్పు నిమిషాలు, గంటలు ఆగమంటుంది. మెమరీని వేరే చోటికి తీసుకెళ్లినవాడికి ఎదురయ్యేది 256 బిట్ల కీ. దాన్ని ఊహించి పట్టుకోవడం భూమ్మీది కంప్యూటర్లన్నీ కలిసినా అయ్యే పని కాదు. ఆపిల్ 2013లో ఐఫోన్ 5ఎస్‌తో సెక్యూర్ ఎన్‌క్లేవ్ అనే విడి భాగాన్ని ఇందుకే పెట్టింది. మైక్రోసాఫ్ట్ 2021లో విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా మాడ్యూల్ తప్పనిసరి చేసింది. సచివాలయానికి కంప్యూటర్ కొనేవాళ్లు ధర, స్క్రీను సైజుతో పాటు ఈ మాడ్యూల్ ఉందా, డిస్కు ఎన్‌క్రిప్షన్ ఆన్‌లో ఉందా అని చూసుకోవడం వారి బాధ్యత.

చిప్పునూ ఛేదిస్తారు

హార్డ్‌వేర్ అన్న మాట వినగానే ఇక తిరుగులేదనుకోకూడదు. 1999లో పాల్ కోచర్, జాషువా జాఫ్, బెంజమిన్ జున్ అనే పరిశోధకులు ఒక విషయాన్ని ప్రకటించి స్మార్ట్‌కార్డు పరిశ్రమను కుదిపేశారు. చిప్పు లెక్క చేసేటప్పుడు లాగే కరెంటు క్షణక్షణానికీ కొద్దిగా మారుతుంది. 0తో చేసే లెక్కకూ 1తో చేసే లెక్కకూ ఆ తేడా ఉంటుంది. వేలసార్లు కొలిచి గణాంక పద్ధతిలో విశ్లేషిస్తే, చిప్పును విప్పకుండానే లోపలి కీని రాబట్టవచ్చని వాళ్లు చూపించారు. ఆ తర్వాత తయారైన చిప్పులు కావాలని అడ్డదిడ్డంగా కరెంటు లాగడం, లెక్కల్లో యాదృచ్ఛిక సంఖ్యలు కలపడం నేర్చుకున్నాయి.

2017లో ఎస్టోనియాకు మరో పాఠం ఎదురైంది. ఆ చిన్న దేశంలో పౌరులు ప్రభుత్వ సేవలకూ ఆన్‌లైన్ ఓటుకూ వాడేది చిప్పు ఉన్న గుర్తింపు కార్డు. ఆ కార్డుల చిప్పులో కీలు పుట్టించే పద్ధతిలోనే లోపముందని చెక్ దేశపు మసారిక్ విశ్వవిద్యాలయం పరిశోధకులు కనిపెట్టారు. ప్రభుత్వం దాన్ని దాచలేదు. ప్రజలకు చెప్పి, ఆ నవంబరులో సుమారు 7,60,000 కార్డుల సర్టిఫికెట్లను నిలిపివేసి, దూరం నుంచే కొత్తవి ఎక్కించుకునే వీలు కల్పించింది. అక్కడ దేశాన్ని కాపాడినవి రెండు. ఒకటి, లోపం బయటపడితే మార్చుకోగల కీ. రెండు, లోపాన్ని ఒప్పుకున్న ప్రభుత్వం. వేలిముద్రకు ఆ మొదటి సౌకర్యం లేదు. కాబట్టి వేలిముద్ర మీద కట్టిన వ్యవస్థకు రెండోది మరింత అవసరం.

చిప్పు చేతిలో లేనిది

ఎంత మంచి చిప్పు పెట్టినా ఆగని మోసం ఒకటుంది. బ్యాంకుకు వెళ్లలేని ముసలామె వేలు పెడుతుంది. యంత్రం ఒప్పుకుంటుంది. "పడలేదు తల్లీ, సర్వర్ డౌన్, మళ్లీ పెట్టు" అంటాడు ఊళ్లోని బ్యాంకు ఏజెంటు. రెండోసారి పెడుతుంది. ఖాతాలోంచి రెండుసార్లు డబ్బు పోతుంది, చేతికి ఒకసారే వస్తుంది. ఇందులో వేలు అసలుది, యంత్రం అసలుది, సంతకం అసలుది. అబద్ధం ఆ ఇద్దరి మధ్య ఉన్న తెరలో ఉంది. తెర ఏజెంటు వైపే తిరిగి ఉన్నంతకాలం యంత్రం అతనికి మాత్రమే నిజం చెబుతుంది. స్మార్ట్‌కార్డు యంత్రాలు లావాదేవీని తెలుగులో పైకి చెప్పడంలో ఉన్న వివేకం ఇదే. రసీదు, గొంతు, వాడుకరి వైపు తిరిగిన తెర కూడా భద్రతా పరికరాలే. యంత్రాలు కొనే టెండరు పత్రంలో చిప్పుకు ఎంత చోటిస్తారో వీటికీ అంత ఇవ్వాలి.

రెండో విషయం ఇంకా పెద్దది. ఏ భద్రతా వ్యవస్థకైనా రెండు రకాల తప్పులుంటాయి. రాకూడనివాణ్ణి రానివ్వడం ఒకటి, రావలసినవాణ్ణి ఆపేయడం మరొకటి. ఇంజనీరు ఒకదాన్ని బిగిస్తే రెండోది పెరుగుతుంది. సినిమా టికెట్ యంత్రం పొరపాటున ఒకరిని ఆపితే పెద్ద నష్టం లేదు. స్టోరు దగ్గరి యంత్రం ఒకరిని ఆపితే ఆ ఇంట్లో బియ్యం ఉండవు.

ఆంధ్రప్రదేశ్ స్మార్ట్‌కార్డు పథకంలో కార్డు లేనివాళ్లకు పాత పద్ధతిలోనైనా డబ్బు ఇచ్చారు. అందుకే మోసం తగ్గినా, హక్కుదారులు పథకం వెలుపల మిగిలిపోలేదు. అదే ఆర్థికవేత్తల బృందం తర్వాత జార్ఖండ్ రేషన్ షాపుల్లో ఆధార్ ధ్రువీకరణను పరిశీలించింది. అక్కడ నిబంధన బిగుతుగా పెట్టడంతో ఆధార్ అనుసంధానం కాని కుటుంబాలకు అందే సరుకులు తగ్గిపోయాయి, కొందరికి పూర్తిగా ఆగిపోయాయి. రెండు చోట్లా ఉన్నది బయోమెట్రిక్ యంత్రమే. ఫలితాలు వేరుగా రావడానికి కారణం, వేలు పడనప్పుడు ఏం చెయ్యాలన్నది ఎవరు ఎలా నిర్ణయించారన్నదే. వేలు పడలేదన్న కారణంతో రేషన్ నిరాకరించవద్దని, మినహాయింపు రిజిస్టరు పెట్టి సరుకులివ్వాలని ఆధార్ సంస్థే 2017 అక్టోబరులో రాష్ట్రాలకు సర్క్యులర్ పంపింది. భద్రత పేరుతో ఆ సర్క్యులర్‌ను మరిచిపోవడం భద్రత కాదు.

కాబట్టి కొస యంత్రాన్ని రెండు ప్రశ్నలతో కొలవాలి. దొంగ ఎదుట అది ఎంత గట్టిగా నిలబడుతుంది? హక్కున్న మనిషి ఎదుట అది ఎంత త్వరగా తలవంచుతుంది? మొదటిదానికి సిలికాన్ జవాబిస్తుంది. రెండోదానికి జవాబివ్వాల్సింది నిబంధనలు రాసేవాళ్లు, వాటిని అమలు చేసేవాళ్లు, అడిగి నిలదీసే మనం.

పాఠకులు చెయ్యగలిగిన పనులు కొన్ని ఉన్నాయి. ఇంట్లో పెద్దవాళ్లు వేలు పెట్టి డబ్బు తీసుకునే ప్రతిసారీ రసీదు అడగమని చెప్పండి. "పడలేదు" అంటే మళ్లీ పెట్టే ముందు ఫోనుకు మెసేజ్ వచ్చిందేమో చూడండి. ఆధార్‌తో డబ్బు తీసే అవసరం లేనివాళ్లు ఆధార్ అధికారిక యాప్‌లో బయోమెట్రిక్ లాక్ పెట్టుకోండి. రేషన్‌కో పింఛనుకో వేలు వెయ్యాల్సిన వాళ్లు ఆ రోజుకు ముందే దాన్ని తెరిచి ఉంచుకోవాలని గుర్తుంచుకోండి. ఫోనుకు పిన్ లేకుండా వదిలెయ్యకండి. లోపలి చిప్పు కాపలా మొదలయ్యేది మీరు పిన్ పెట్టాకే. ఖాతాలో తెలియకుండా డబ్బు పోతే ఆలస్యం చెయ్యకుండా 1930కి ఫోను చెయ్యండి, బ్యాంకుకు రాతపూర్వకంగా చెప్పండి. వేలు పడలేదని ఎవరినైనా వట్టి చేతులతో పంపేస్తుంటే అక్కడ ఆగి, మినహాయింపు రిజిస్టరు చూపించమని అడగండి. అడగడం మీ హక్కు, ఇవ్వడం వాళ్ల విధి.